బంతిలో మిగిలిన చలి

శవం పక్కకి తిరిగి పడి ఉంది. తల దగ్గర కాలితో తొక్కే ఇనప గాలిపంపు. దాని పీట అంచున ఎండిన నెత్తురు. ఆ నెత్తుట్లో నాలుగు తెల్ల వెంట్రుకలు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒకప్పుడైతే మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాడు. ఇప్పుడూ కూర్చోగలడు. లేవడమే కష్టం.

"ఎవరమ్మా?"

"ఫుట్‌బాల్ కోచ్, సార్," అంది హెడ్ కానిస్టేబుల్. "అందరూ పెద్ద మాస్టారు అంటారు. ఇవాళ సాయంత్రం వీళ్ళ జట్టుకి ఫైనల్. మ్యాచ్ ముందురోజు రాత్రి ఈ క్లబ్ గదిలోనే పడుకుంటాడట. మ్యాచ్ బంతులు పక్కన పెట్టుకుని."

"బంతులు పక్కన పెట్టుకునా?"

"ఎవరైనా ఏమైనా చేస్తారని భయం. భార్య పోయాక బంతులతోనే కాపురం అంటున్నారు బయట."

ఆమె నవ్వబోయి మానేసింది.

గదిలో ఒక మంచం. పక్క వేసి ఉంది గానీ దుప్పటి మడత విప్పలేదు. అద్దాల బీరువాలో రంగు తగ్గిన కప్పులు. గోడకి ఏసీ. కిటికీలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇంకా పొద్దెక్కలేదు, అప్పుడే వేడిగాలి లోపలికి కొడుతోంది. ఆ ఎండాకాలం ఎవరినీ వదలడం లేదు.

"బంతులేవి?"

"బయట మెట్ల మీద, సార్. తమ్ముడి దగ్గర."

తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. జట్టుకి అసిస్టెంట్ కోచ్. ఊరంతా చిన్న మాస్టారు అంటుంది. పక్కన వల సంచిలో నాలుగు బంతులు. చేతిలో చిన్న చేతిపంపు. ఆ పంపు తన చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచిపోయినట్టున్నాడు.

"మొదట చూసింది మీరేనా?"

"నేనేనండి. ఆరున్నరకి వచ్చా. బంతులు తీసుకుపోదామని. తలుపు తోస్తే..." ఆగిపోయాడు.

"ఏం ముట్టుకున్నారు?"

"అన్నయ్యని ముట్టుకున్నా. చల్లగా ఉన్నాడు. బంతుల సంచి బయటికి తెచ్చా. మీరొస్తే గదికి తాళం వేస్తారు కదా. సాయంత్రం మ్యాచ్."

క్లబ్ సెక్రటరీ అందుకున్నాడు. గ్రౌండ్ పక్కనే అతని ఇల్లు. చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని వచ్చాడు. "చిన్న మాస్టారి కేక విని నేను పరిగెత్తుకొచ్చానండి. వచ్చేసరికి ఈయన ఇక్కడ కూర్చుని బంతికి గాలి కొడుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది. నాకు భయమేసింది. మతి పోయిందేమో అనుకున్నా."

"ఎందుకు కొట్టారు?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

చిన్న మాస్టారు సంచి వైపు చూశాడు. "మెత్తగా ఉన్నాయండి. బొటనవేలు దిగింది. మ్యాచ్ రోజు మెత్తగా ఉంటే అన్నయ్య ఊరుకోడు."

డాక్టర్ వచ్చాడు. ఆయనా నిద్రలేని మొహమే. శవాన్ని చూశాడు. థర్మామీటర్ చూశాడు. గోడకున్న గడియారం చూశాడు. ఆవులించాడు.

"శరీరం పూర్తిగా చల్లబడింది. దాదాపు గదిలో ఉన్న వేడికి దిగిపోయింది. ఇంత ఉక్కలో ఇంతలా చల్లబడాలంటే చాలాసేపు పట్టాలి. నిన్న సాయంత్రం. ఆరూ ఏడూ మధ్య అనుకోండి."

"ఖాయమేనా?"

"బిగుసుకోవడం కొంచెం తక్కువగా ఉంది. ముసలివాళ్ళలో అలా ఉంటుంది. సాయంత్రం అనే రాస్తా."

ఇన్‌స్పెక్టర్ సెక్రటరీ వైపు తిరిగాడు. "నిన్న సాయంత్రం ఆరింటికి ఇక్కడ ఎవరున్నారు?"

సెక్రటరీ గొంతు తగ్గించాడు. "ఇంకెవరు? గాలి మామ."

గాలి మామ అంటే గ్రౌండులో బంతులకి గాలి కొట్టే మనిషి. వలలు కడతాడు, గీతలు గీస్తాడు, బూట్లకి మేకులు బిగిస్తాడు. అసలు పేరు క్లబ్‌లో ఎవరికీ గుర్తు లేదు. నిన్న సాయంత్రం పెద్ద మాస్టారికీ అతనికీ పెద్ద గొడవైంది. గ్రౌండంతా వినబడింది. పోయిన వారం కొండమీది ఊళ్ళో మ్యాచ్. ఆటకి దిగేసరికి బంతులు పిండిముద్దల్లా మెత్తబడ్డాయి. మార్చడానికి వేరే బంతులు లేవు, పంపు ఇక్కడే ఉండిపోయింది. జట్టు ఓడిపోయింది. గాలి మామ అవతలివాళ్ళ దగ్గర ఏదో తిని గాలి తీసేశాడని పెద్ద మాస్టారి అనుమానం. నిన్న అందరి ముందూ గాలి దొంగ అన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాడు.

"గాలి మామ ఏం చేశాడు?"

"పంపు గదిలోకి విసిరికొట్టాడండి. ఈ పంపు నువ్వే ఉంచుకో, నీ పీడా వదిలింది అన్నాడు. నేను చెవులారా విన్నా. తర్వాత నేనూ చిన్న మాస్టారూ కమిటీ మీటింగుకి వెళ్ళిపోయాం. తొమ్మిదిదాకా అక్కడే. పన్నెండు మంది సాక్షులు."

పంపు. గొడవ. డాక్టర్ చెప్పిన సమయం. మూడూ ఒకదానికొకటి అతికినట్టు కూర్చున్నాయి.

ఇన్‌స్పెక్టర్ మోకాలు నొప్పి తీరేలా కాసేపు నడుద్దామని గది వెనక్కి వెళ్ళాడు. అక్కడ నేల ఎండకి పగిలి ఉంది. గోడ మీంచి దిగిన సన్నని గొట్టం కింద మాత్రం కాస్త తడి. ఆ తడిలో ఒక కుక్క పొట్ట ఆనించి పడుకుంది. అతన్ని చూసి తోక ఒక్కసారి ఆడించింది. లేవలేదు.

అతనికి దాన్ని చూస్తే అసూయ కలిగింది.

*

గాలి మామని పట్టుకోవడానికి వెతకక్కర్లేకపోయింది. ఇంట్లో తలకి తుండుగుడ్డ చుట్టుకుని పడుకుని ఉన్నాడు. పెద్ద మాస్టారు పోయాడని చెప్తే చాలాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత, "మరి మ్యాచో?" అన్నాడు.

స్టేషన్‌లో ఫ్యాను తిరుగుతోంది. గాలి రావడం లేదు.

"పంపుతో ఎందుకు కొట్టావు?"

"నేను కొట్టలేదు."

"పంపు నీదే కదా?"

"నాదే. విసిరింది నేనే. మంచం పక్కన పడింది. ఆయన అవతల ఉన్నాడు. విసిరి వచ్చేశా."

"వచ్చి?"

"ఇంటికి. నడుస్తూనే తిట్టుకున్నా. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి మళ్ళీ తిట్టా."

"ఎవరైనా చూశారా?"

"మా ఆవిడ చూసింది."

"పెళ్ళాం సాక్ష్యం చెల్లదయ్యా."

"అదేంటండీ, ముప్పయ్యేళ్ళుగా మా ఇంట్లో ఆవిడ చెప్పిందే చెల్లుతోంది."

హెడ్ కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకుంది.

"కొండమీది ఊళ్ళో గాలి తీశావా లేదా?"

ఆ ప్రశ్నకి మాత్రం గాలి మామ మెడ నిలబెట్టాడు. "హత్య అనండి, పడతా. ఆ మాట అనకండి. ఇక్కడ కొట్టి, గాలి కొలిచే గేజీ పెట్టి, ముల్లు పదకొండు మీద ఉందని చూసుకుని బస్సెక్కించా. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. పైకెళ్ళి చూస్తే మెత్తగా ఉన్నాయి. పిన్ను లీకు లేదు. లోపలి బ్లాడర్ లీకు లేదు. తిరిగొచ్చాక చూస్తే మళ్ళీ గట్టిగానే ఉన్నాయి. ఎవడో దయ్యం తీసి, దయ్యమే నింపినట్టు. ఆ మాట చెప్తే మాస్టారు నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది."

ఇన్‌స్పెక్టర్ అలసటగా కళ్ళు మూసుకున్నాడు. దయ్యం అనే మాట కేసు డైరీలో రాయలేడు.

మధ్యాహ్నానికి గాలి మామ భార్య వచ్చింది. చేతిలో భోజనం కారియర్. తిన్నగా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎప్పుడు వదుల్తారు?"

"రేపు పది గంటలకి కోర్టులో పెట్టాలమ్మా. తర్వాత మా చేతిలో ఉండదు."

"ఈయన మనిషిని చంపాడని మీరు నమ్ముతున్నారా బాబూ? ఇంట్లో బల్లి పడితే నన్ను పిలుస్తాడు."

"కోపం వస్తే మనిషి..."

"వచ్చింది. నిన్న రాత్రంతా తిట్టాడు. చంపినవాడు అన్ని తిట్లు తిడతాడా? చంపాక కోపం తీరిపోదూ?" కారియర్ టేబుల్ మీద పెట్టింది. "ఊళ్ళో అప్పుడే అనేస్తున్నారు. గాలి దొంగ కాస్తా హంతకుడయ్యాడని. జైలుకి పోతే పోనీండి, ఎప్పటికో వస్తాడు. ఈ పేరు పెట్టుకుని ఆ గ్రౌండు ముందు నుంచి ఎలా నడుస్తాడు? వేరే దారి కూడా లేదు మా ఇంటికి."

ఇన్‌స్పెక్టర్ కారియర్ పక్కకి జరిపాడు. ఆమె చెప్పింది న్యాయంగానే ఉంది. కానీ పంపు పీట మీద నెత్తురు కూడా అబద్ధం కాదు.

*

మ్యాచ్ ఆపలేదు. ఆటగాళ్ళు చేతికి నల్లగుడ్డ కట్టుకున్నారు. జనం ఎక్కువగా వచ్చారు. హత్య జరిగిన గ్రౌండు చూడ్డానికి సగం మంది. బందోబస్తుకి ఇన్‌స్పెక్టర్ కూడా వెళ్ళక తప్పలేదు. గీత పక్కన కుర్చీ వేశారు. కుర్చీ ఇనపది. కాలిపోతోంది.

నాలుగు గంటలు. ఎండ తగ్గలేదు.

రెఫరీ బంతులు చూస్తున్నాడు. బట్టతల, సన్నని మనిషి. ఒక బంతి తీసి నేలకేసి కొట్టాడు. అది అతని తల దాటి లేచింది. గేజీ గుచ్చాడు. మొహం చిట్లించాడు. పిన్ను పెట్టి గాలి వదిలాడు.

బుస్సుమని శబ్దం.

రెండో బంతి. బుస్సు. మూడోది. నాలుగోది.

"ఏంటయ్యా ఈ క్లబ్బు!" అన్నాడు రెఫరీ ఎవరినీ ఉద్దేశించకుండా. "ఒకసారి పిండిముద్ద, ఇంకోసారి బండరాయి. మీకు గాలి కొట్టడం కూడా చేతకాదా?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "ఒకసారి పిండిముద్ద అంటే?"

"పోయిన వారం కొండమీద కూడా రెఫరీ నేనే. అక్కడ వీళ్ళ బంతులు ఇలా నొక్కితే అలా దిగాయి. ఇవాళ చూడండి, పదమూడు దాటింది. తలతో కొడితే తల పగుల్తుంది."

"ఎండకేమో?"

"ఎండకి కాస్త బిగుస్తాయి, అది నాకూ తెలుసు. అందుకేగా చూసేది. కానీ అవతలి జట్టు బంతులూ పొద్దున్నే కొట్టినవే, ఇదే ఎండలో పడున్నాయి. వాటికి రవ్వంత వదిలితే సరిపోయింది. వీటికింత తేడా ఏంటి?"

"పొద్దున గాలి కొట్టింది చిన్న మాస్టారు. అన్న పోయిన దుఃఖంలో ఉన్నాడు."

"పోనీండి పాపం. చెయ్యి వణికి ఉంటుంది."

విజిల్ వేశాడు. ఆట మొదలైంది.

ఇన్‌స్పెక్టర్ ఆట చూడలేదు. గీత అవతల నిలబడిన చిన్న మాస్టారిని చూశాడు. ఆట బయటికి పోయిన బంతి అతని దగ్గరికి వచ్చింది. కాలితో ఆపాడు. వంగి తీసుకున్నాడు. విసిరే ముందు బొటనవేలు బంతి మీద ఒకసారి నొక్కింది. అతను ఆ సంగతి గమనించనేలేదు. వేలు దాని పని అది చేసుకుపోయింది.

ఇలాంటి చెయ్యి దుఃఖంలో కూడా కొలత తప్పదు. ఒక బంతికి తప్పితే తప్పొచ్చు. నాలుగింటికీ ఒకే తప్పు, ఒకే కొలతన ఎలా వస్తుంది?

అంటే చెయ్యి తప్పలేదు. గేజీ తప్పలేదు. పొద్దున అవి పదకొండే ఉన్నాయి.

గాలి మామ ఇక్కడ ఎండలో కొట్టాడు. కొండమీద మెత్తబడ్డాయి. తిరిగొచ్చాక మళ్ళీ గట్టిపడ్డాయి. దయ్యం తీసి, దయ్యమే నింపింది. కొండమీద ఏముంది?

చలి ఉంది.

మరి పొద్దున కొట్టినవి సాయంత్రానికి ఇంతలా బిగిశాయంటే? కొట్టేటప్పుడు ఆ బంతులు ఎంత చలిలోంచి వచ్చి ఉండాలి? ఈ ఎండల్లో, ఈ గ్రౌండులో, అంత చలి ఎక్కడుంది?

అతనికి కుక్క గుర్తొచ్చింది.

మెల్లగా గది వెనక్కి నడిచాడు. గొట్టం కింద నేల ఎండిపోయింది. కుక్క లేదు. అది పడుకున్న చోట మట్టి మీద పొట్ట ఆకారం మాత్రం మిగిలింది. అతను తలెత్తి గొట్టం వెంట పైకి చూశాడు. గొట్టం పోయి ఏసీ పెట్టెలో కలిసింది.

గ్రౌండులో గోల్ పడినట్టుంది. జనం అరిచారు. ఎవరు వేశారో అతను కనుక్కోలేదు.

*

డాక్టర్ ఫోన్ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"రాత్రంతా గది చలిగా ఉండి, పొద్దున్నే వేడెక్కితే?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

అవతల మంచం కిర్రుమంది.

"అప్పుడు సాయంత్రం అనలేను. రాత్రి పది కావచ్చు, పదకొండూ కావచ్చు. బిగుసుకోవడం తక్కువ ఉందన్నానే, దానికీ లెక్క కుదురుతుంది." గొంతు సవరించుకున్నాడు. "నేను వచ్చేసరికి గది ఎలా ఉందో అదే చూశానండి. రాత్రి ఎలా ఉందో చెప్పడానికి సాక్షి ఎవరున్నారు?"

"నలుగురున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఫుట్‌బాల్ ఆడుతున్నారు... కాదు, వాళ్ళతోనే ఆడుతున్నారు."

"ఏంటి?"

"పడుకోండి డాక్టర్ గారూ. రేపు పొద్దున గ్రౌండుకి రండి. తొందరగా."

*

పొద్దున ఏడు గంటలకి అందరూ గ్రౌండులో ఉన్నారు. సెక్రటరీ ఈసారి గుండీలు సరిగా పెట్టుకున్నాడు. డాక్టర్, రెఫరీ బెంచీ మీద కూర్చున్నారు. చిన్న మాస్టారు నిలబడే ఉన్నాడు. గాలి మామని హెడ్ కానిస్టేబుల్ జీపులో తీసుకొచ్చింది. భార్యని రావద్దంటే జీపు వెనక నడిచి వచ్చింది.

"పది గంటలకి ఈయన్ని కోర్టులో పెట్టాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈలోగా ఒక్క పని ఉంది. లోపలికి రండి."

తలుపు తీశాడు. చలి మొహానికి తగిలింది. కిటికీలు మూసి ఉన్నాయి. ఏసీ హోరుమంటోంది.

"అయ్యో, ఏసీ వేశారే!" అన్నాడు సెక్రటరీ. "పెద్దాయనకి అది పడేది కాదండి. పెట్టించి ఏడాదైంది, ఒక్కరోజు ముట్టుకోలేదు. చచ్చాక పెట్టండిరా ఆ చలి అనేవాడు."

అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

మంచం పక్కన వల సంచి. అందులో నిన్నటి నాలుగు బంతులు. ఇన్‌స్పెక్టర్ ఒకటి తీసి చిన్న మాస్టారి చేతికిచ్చాడు. "నిన్న సాయంత్రం మ్యాచ్ అయ్యాక రెఫరీ గారు మళ్ళీ కొలిచి పదకొండు దగ్గర పెట్టారు. తెల్లవారకముందే నేను తెచ్చి ఇక్కడ పెట్టాను. చూడండి."

చిన్న మాస్టారు అందుకున్నాడు. బొటనవేలు బంతి మీదికి వెళ్ళింది.

దిగింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మెత్తగా ఉందా?"

"ఉంది."

"గాలి కొట్టండి. నిన్న కొట్టినట్టే."

అతను కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ చేతిపంపు ముందు పెట్టాడు. చాలాసేపటికి చిన్న మాస్టారు కూర్చుని బంతి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కొట్టాడు. గేజీ గుచ్చాడు. ముల్లు పదకొండు మీద నిలబడింది. ఒక్క వెంట్రుక ఇటూ అటూ లేదు.

"చూశారా రెఫరీ గారూ? ఈ చెయ్యి వణకదు."

ఆ బంతిని బయట ఎండలో మెట్టు మీద పెట్టారు. దాని పక్కనే ఇంకో బంతి. దానికి ఇప్పుడే బయట గాలి కొట్టారు. అదీ పదకొండే. అందరూ వసారాలో కూర్చున్నారు. గాలి మామ భార్య మొగుడికి మంచినీళ్ళు పట్టింది. హెడ్ కానిస్టేబుల్ అడ్డం చెప్పలేదు.

మెట్టు మీద రాయి కాలసాగింది.

"ఇప్పుడు చూడండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రెఫరీ గేజీ గుచ్చాడు. బయట కొట్టిన బంతి కాస్త పెరిగింది. గదిలో కొట్టింది పదమూడు దాటింది. అతను రెండుసార్లు గుచ్చి చూశాడు.

"నిన్నటిలాగే!" అన్నాడు.

"నిన్నటిలాగే. లోపలున్న గాలి అంతే. చలికి ముడుచుకుంటే బంతి మెత్తబడుతుంది. వేడెక్కితే లోపల్నుంచి తోస్తుంది. చల్లబడ్డ బంతికి పదకొండు దాకా నింపితే ఎండలో బండరాయి అవుతుంది. పోయిన వారం కొండమీద జరిగింది ఇదే, తలకిందులుగా. ఇక్కడి వేడిలో నింపినవి అక్కడి చలికి మెత్తబడ్డాయి. ఎవడూ గాలి తియ్యలేదు."

గాలి మామ తలెత్తాడు.

ఇన్‌స్పెక్టర్‌కి నిలబడటం కష్టంగా ఉంది. స్తంభానికి ఆనుకున్నాడు.

"నిన్న పొద్దున బంతులు చల్లగా ఉన్నాయి. అంటే ఈ గదిలో రాత్రంతా ఏసీ నడిచింది. గది వెనక గొట్టం కింద తడి ఉంది, నేనే చూశాను. గది చల్లగా ఉంది కాబట్టే శవం తొందరగా చల్లబడింది. సాయంత్రం అన్న లెక్క పోయింది. చనిపోయింది రాత్రి. డాక్టర్ గారు ఒప్పుకున్నారు."

డాక్టర్ నేల చూశాడు.

"అయితే ఎవరైనా కావచ్చుగా," అన్నాడు సెక్రటరీ.

"కావడానికి వీల్లేదు. ఏసీ రాత్రి మధ్యలో ఆపి ఉంటే, కిటికీలు తెరిచి ఉంటే, పొద్దుటికి బంతులు మామూలుగా వేడెక్కిపోయేవి. బంతి చలి ఎంతసేపు నిలుస్తుంది? అందరూ చూశారుగా. ఆరున్నరకి ఇంకా చల్లగా ఉన్నాయంటే, ఏసీ అప్పుడే ఆగింది. కిటికీలు అప్పుడే తెరుచుకున్నాయి. ఆ గదిలోకి మొదట వెళ్ళింది ఒక్కరే." చిన్న మాస్టారి వైపు తిరిగాడు. "ఏసీ నడుస్తుంటే మీరు నాకెందుకు చెప్పలేదు?"

చిన్న మాస్టారు ఎండలో ఉన్న బంతిని చూస్తున్నాడు.

"మీటింగయ్యాక ఇంటికెళ్ళలేదు. మీ ఆవిడ రాత్రి వడ్డించి కూర్చుందట. ఎప్పుడొచ్చారో తెలీదంది. ఇక్కడికి వచ్చారు కదా?"

"వచ్చా."

సెక్రటరీ, "ఒరేయ్..." అని ఆగిపోయాడు.

"కమిటీ వచ్చే ఏడు నుంచి నన్ను కోచ్‌ని చేద్దామంది. అన్నయ్యకి నా నోటితోనే చెప్పమన్నారు." గొంతు మామూలుగానే ఉంది. బాగా అలిసిన మనిషి గొంతు. "చెప్పా. నవ్వాడు. నువ్వా? సంచి మొయ్యరా, అది నీకు బాగా వచ్చు అన్నాడు. ముప్పయ్యేళ్ళు మోశానండి. చిన్న మాస్టారు, చిన్న మాస్టారు. జుట్టు నెరిసింది. ఇంకా చిన్నే. తోశా. అంతే, తోశా. కింద ఆ పంపు ఉందని చూడలేదు. పిలిచా. పలకలేదు."

"ఫోన్ చెయ్యొచ్చుగా."

"చేద్దామనే తీశా. చేతిలోనే ఉంది. వేలు కదల్లేదు."

"ఏసీ ఎందుకు వేశారు? డాక్టర్‌ని తప్పుదారి పట్టించడానికా?"

చిన్న మాస్టారు మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"ఎండాకాలం కదండీ. పొద్దుటికి అన్నయ్య పాడైపోతాడని."

వసారాలో ఎవరి చూపూ ఎవరితోనూ కలవలేదు.

"తెల్లారి వచ్చి ఏసీ కట్టేశా. ఆయనకి ఏసీ పడదని అందరికీ తెలుసు, కిటికీలు తెరిచా. సంచి తీశా. చెయ్యి తగిలింది. మెత్తగా ఉన్నాయి. మామ రాడు. మ్యాచ్ ఉంది. కొట్టేశా." నవ్వులాంటిది వచ్చి పోయింది. "అలవాటు."

"మామని తీసుకుపోతుంటే చూశారుగా?"

అతను గాలి మామ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"చూశా. ఆయన్ని అంటారనుకోలేదు. అన్నాక నోరు పెగల్లేదు. మ్యాచ్ అయ్యాక చెబుదామనుకున్నా. మ్యాచ్ అయింది."

"రాత్రి ఒక్క క్షణంలో తోశారు. అది కోర్టు చూసుకుంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కానీ నిన్నంతా ఉంది మీకు. ఒక పగలంతా."

చిన్న మాస్టారు లేచాడు. చేతులు ముందుకి చాపాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వంగి, ఎండలో ఉన్న బంతిని తీసి నీడలోకి జరిపాడు. మళ్ళీ చేతులు చాపాడు.

హెడ్ కానిస్టేబుల్ అతన్ని జీపు దగ్గరికి నడిపించింది. గట్టిగా పట్టుకోలేదు.

*

గాలి మామ మెట్ల మీద కూర్చుండిపోయాడు. వెళ్ళొచ్చని రెండుసార్లు చెప్పారు.

"లేవండి," అంది భార్య. "ఇల్లు తెలుసుగా? గ్రౌండు ముందు నుంచే."

"ఉండవే."

అతను గేజీ చేతిలోకి తీసుకున్నాడు. ముల్లుని గోటితో తట్టాడు. ఇన్‌స్పెక్టర్ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. లేవడం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"అయితే సార్, కొండమీద కూడా చలేనా?"

"చలే."

"నేను కాదు."

"నువ్వు కాదు."

గాలి మామ తల ఊపాడు. సంతోషం లేదు మొహంలో. ఎదురుగా గ్రౌండు ఖాళీగా ఉంది. నిన్నటి గీతలు ఆటలో సగం చెరిగిపోయాయి.

"ఆయన ఈ సంగతి తెలీకుండానే పోయాడు," అన్నాడు. "నన్ను దొంగ అనుకుంటూనే పోయాడు. ఇప్పుడు ఊరంతా నమ్మితే మాత్రం నాకేం?"

భార్య పక్కన కూర్చుంది.

గాలి మామ గదిలో కొట్టిన బంతిని దగ్గరికి తీసుకున్నాడు. పిన్ను నాలికతో తడిపి గుచ్చాడు. గాలి బుస్సుమని పోయింది. కొంచెం ఆపి వేలితో నొక్కి చూశాడు. ఇంకొంచెం వదిలాడు. పదకొండు.

బంతిని ఇన్‌స్పెక్టర్ ఒళ్ళో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది.